కొట్టివేత

ఏడు దాటి నాలుగు నిమిషాలు. రెండు మెట్లు. పెదనాన్న కంటే రెండు మెట్లు తక్కువ, పిన్ని కంటే ఐదు మెట్లు ఎక్కువ. రాశాను. మేనత్త ఎప్పుడూ అంతే. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, అంతే. అందుకే దానికి ఆ పేరు పెట్టింది మా ఆవిడ. పిలిచినా పిలవకపోయినా, పెట్టినా పెట్టకపోయినా మొహంలో మార్పు రాని మనిషి మా మేనత్త ఒక్కతేనండీ, ఇది అచ్చు ఆవిడే, అంది. పటంలో ఈ నక్షత్రానికి పేరు లేదు, ఫోను నంబరంత పొడుగు అంకె ఉంది. ఆ అంకెలు పలకలేక చుట్టూ ఉన్నవాటన్నింటికీ చుట్టరికాలు కలిపేసింది. కాస్త ఎక్కువ వెలిగేది పెదనాన్న. కాస్త మసకగా ఉండేది పిన్ని. వీటి మధ్య ఎర్రగా, నెలకోసారి అలిగి మసకబారి మళ్ళీ వెలిగేది అల్లుడు. అల్లుణ్ణి చూడటం నా పని. అల్లుడు ఎంత వెలిగాడో చెప్పాలంటే పక్కన మారనిది ఒకటి ఉండాలి, దానితో పోల్చాలి. అది మేనత్త. మెట్టు అంటే రెండు చుక్కల మధ్య కన్ను పట్టుకోగలిగిన అతి చిన్న తేడా. నా కన్ను పట్టుకోగలిగింది. ఇంకొకరి మెట్టు ఇంకొకరిది. ఇవాళ అల్లుడితో పని లేదు. ఇవాళ నేను మేనత్తనే చూస్తున్నాను. తొమ్మిదిలోపల మేనత్త మసకబారితే, వెలుగు మారే నక్షత్రాల జాబితాలో ఇంతవరకూ లేనిదాన్ని మేం నలుగురం కనిపెట్టినట్టు. మసకబారకపోతే రెండు నెలల రాత, ఫోన్లు, తగాదాలు అన్నీ చెత్తబుట్టలోకి. అది వాళ్ళకు. నాకు వేరే ఉంది. మసకబారితే ఏడేళ్ళ క్రితం మా ఆవిడ రాసింది నిజం. లేకపోతే నేను దాన్ని కొట్టేయడం సరైనదే.

డాబా ఇంకా వేడిగా ఉంది. అరికాళ్ళకు తెలుస్తోంది. దుర్భిణి గొట్టం పక్కన ఆమె ముక్కాలిపీట, దాని మీద నోట్‌బుక్కు, దాని మీద ఎర్ర కాగితం చుట్టిన టార్చి. ముందు ఆ పీట మీద ఆమె కూర్చునేది, నోట్‌బుక్కు ఆమె ఒళ్ళో ఉండేది. ఇప్పుడు చూడటం నేనే, గడియారం నేనే, రాయడం నేనే. ఒక్కో అంకెకు కన్ను తీయాలి, వంగాలి, రాయాలి, మళ్ళీ కన్ను పెట్టి వెతుక్కోవాలి. ఈ గొట్టంలో అద్దం నేనే అరగదీశాను. ముప్పై ఒక్క ఏళ్ళు కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో కూర్చుని జనం కళ్ళకు అద్దాలు అరగదీసినవాణ్ణి, నాకు ఇదొక లెక్క కాదు. ఊరిబడిలో పదో తరగతితో సరి. ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని ఏడాది చదివాను. అందులో మొదటి పేజీలోనే ఉంది, పోల్చడానికి ఒక నక్షత్రం చాలదు, రెండైనా ఉండాలి అని. అర్థమయింది. నిఘంటువు అవసరం లేకుండానే అర్థమయింది. సరే. ఏడూ పద్నాలుగు. రెండు మెట్లు. రాశాను.

జేబులో ఫోను వణికింది. ఫోను మొహానికి కూడా ఎర్ర కాగితం అంటించాను. నర్సమ్మ. మా నలుగురిలో ఒకావిడ. ఇక్కడ మొత్తం మబ్బు. అంతే రాసింది. నక్షత్రం గురించి ఒక్క ముక్క రాయదు, రాయకూడదు. మా నలుగురికీ ఒకే కట్టుబాటు. చూస్తున్నంతసేపూ ఆకాశం ఎలా ఉందో చెప్పుకోవచ్చు, నక్షత్రం ఎలా ఉందో చెప్పుకోకూడదు. చెబితే రెండోవాడి కన్ను మొదటివాడు చెప్పిందే చూస్తుంది. ఈ కట్టుబాటు పెట్టింది లెక్కల మాస్టారు. ఆయన దగ్గర గొట్టం లేదు, కెమెరా లేదు, చూపు కూడా అంతంతమాత్రం. మా అంకెలు తీసుకుని లెక్క కట్టడమే ఆయన పని. మేనత్త ఎన్ని గంటలకు అట్టడుక్కు దిగుతుందో కూడా మాకు చెప్పలేదు. ఏడు నుంచి తొమ్మిది దాకా చూడండి, టైము కాగితం మీద రాసి సొరుగులో పెట్టాను, చూశాక తీద్దాం, అన్నాడు. నర్సమ్మ ఆస్పత్రి క్వార్టర్సు మీద కెమెరా పెట్టుకుని డ్యూటీకి పోతుంది, తెల్లారి వచ్చి ఫోటోలు చూసుకుంటుంది. పోయిన ఏడు ఒక రాత్రి ఆమె ఫోటోల్లో మేనత్త మసగ్గా పడింది. ఈ ఏడు ఒకసారి పోస్టు కెమెరాలో పడింది. పోస్టు అంటే పోస్టాఫీసు గుమస్తా. మంచివాడు అంటారు అందరూ. మా ఆవిణ్ణి కాటికి సాగనంపి వచ్చిన మర్నాడు మెసేజి పెట్టాడు, నిన్న రాత్రి మీ అంకెలు రాలేదు అని. తెలియక పెట్టానన్నాడు తర్వాత. తెలియకపోతే తెలుసుకోవాలి. మూడేళ్ళయింది. ఆకాశం సంగతి తప్ప అతనితో నేను మాట్లాడలేదు. మాట్లాడను.

లైటు. పక్కింటి డాబా మీద లైటు పడింది, తెల్లగా, మొహం మీద కొట్టినట్టు. కుడికన్ను అరచేత్తో మూశాను. ఆ కన్ను పోతే ఇవాళ అంతా పోయినట్టే.

"ఏమ్మా, ఆ లైటు!"

"అయ్యో, ఇవాళ కూడానా అన్నయ్యగారూ! రెండు నిమిషాలు, బట్టలు తీసుకుని పోతాను. నిన్న చీకట్లో తీస్తే ఎవరివి ఎవరివో కలిసిపోయి, మా ఆయన మా మరిది ప్యాంటు వేసుకుని ఆఫీసుకు పోయాడు. రోజంతా కుర్చీలోంచి లేవలేదట."

"రెండు నిమిషాలు వెలిగితే నా కన్ను ఇరవై నిమిషాలు పనికిరాదు."

"ఇదిగో, ఆర్పేశాను. కోప్పడకండి. వదిన ఉన్నప్పుడు ఆవిడే పిట్టగోడ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పేది. నక్షత్రాలకేం ఫరవాలేదమ్మా, చూసేవాళ్ళకే చిరాకు, అనేది." చీకట్లో క్లిప్పులు బుట్టలో పడుతున్న చప్పుడు. "ఇవాళ ఏమిటి అంత ప్రత్యేకం?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే అంత గట్టిగా ఎందుకు అరిచారు మరి," అని గొణుక్కుంటూ దిగిపోయింది. పిట్టగోడ దగ్గరికెళ్ళి మా ఆవిడ ఇంకా ఏమేం చెప్పిందో. నాకు తెలియని మాటలు ఈ పక్కింటావిడ దగ్గర ఎన్ని ఉన్నాయో. అడగను. అడిగితే చెబుతుంది, అది ఇంకా కష్టం.

ఏడూ ఇరవై నాలుగు. చెయ్యి తీసి కన్ను పెట్టాను. పెదనాన్న. మేనత్త. పిన్ని. ఒకదాని మీద చూపు ఆనించకూడదు, పక్కకు చూస్తున్నట్టు చూడాలి, ఎదురుగా ఉన్నవాళ్ళను పట్టించుకోనట్టు నటిస్తూ వాళ్ళ మాటలు వింటామే, అలా. రెండు మెట్లా? రెండే. మూడు అనిపించింది ఒక్క క్షణం. లైటు వల్ల. కన్ను ఇంకా సర్దుకోలేదు. రెండు. రాశాను. మా ఆవిడ ఉంటే రాసేది కాదు, రెండా మూడా తేల్చి చెప్పండి అనేది. కుట్టుపని చేసే మనిషి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది, ఒక్కో సెలవుల్లో మూడువందల జతలు. అంగుళం తప్పేది కాదు. పావంగుళం తప్పేది కాదు. మెడలో ఎప్పుడూ కొలత టేపు, పెదాల మధ్య గుండుసూదులు, వాటి సందులోంచే మాట్లాడేది. అలాంటి మనిషిని పట్టుకుని నేను తప్పు రాశావు అన్నాను.

ఏడేళ్ళ క్రితం ఆ రాత్రి చలి. ఇద్దరికీ ఒకే దుప్పటి, ఆమె పీట మీద కూర్చుని మోకాళ్ళ మీదికి లాక్కుంటే నా భుజం మీంచి జారిపోయేది. పిన్ని పొగమంచులో సరిగ్గా కనపడటం లేదు. పెదనాన్నను చూడాలంటే గొట్టం కొంచెం జరపాలి. జరపలేదు. చేతులు జేబులోంచి తీయాలంటే బద్ధకం. మేనత్త ఒక్కటి చాల్లే అనుకున్నాను, అది ఎక్కడికీ పోదు కదా. ఎనిమిదిన్నరకు అల్లుడు మేనత్త కంటే ఐదు మెట్లు తక్కువ. చెప్పాను, రాసింది. తొమ్మిదికి చూసి మూడు అన్నాను. రాసింది. తొమ్మిదింపావుకు సమానం అన్నాను. అన్నానట. నాకు అన్న జ్ఞాపకం లేదు. దుప్పటి జ్ఞాపకం ఉంది, ఎక్కడో కుక్క దగ్గడం జ్ఞాపకం ఉంది, ఆమె చేతిలో పెన్సిలు ఆగడం జ్ఞాపకం ఉంది. "సమానమా? ఇంతసేపట్లోనే?" అంది. రాయమన్నాను. అంతటితో చాలనుకుని గొట్టానికి మూత పెట్టి కిందికి దిగిపోయాం. ఒక్కసారి, ఒక్కసారి గొట్టం రెండు వేళ్ళ మేర జరిపి పెదనాన్నను చూసి ఉంటే. అల్లుడు పెరగలేదు, మేనత్త తరిగిందని అక్కడే, ఆ పీట పక్కనే తెలిసి ఉండేది. ఇద్దరం ఎగిరేవాళ్ళం. ఆమె ఎగిరేది, నేను ఊరుకో అనేవాణ్ణి.

తెల్లారి టీ తాగుతూ నోట్‌బుక్కు తెరిచాను. సమానం అని ఉంది. ఎర్ర నక్షత్రాలు నెలలు తీసుకుంటాయి పెరగడానికి, ముప్పావు గంటలో ఐదు మెట్లు ఎక్కడం కుదరదు. ఎర్రదాన్ని తేరిపార చూస్తే కన్నే దాన్ని పెంచి చూపిస్తుంది, అది కూడా పుస్తకంలో ఉంది, నా కన్ను మోసపోయిందేమో అని ఒక్క క్షణం అనుకోవచ్చు. అనుకోలేదు. "ఏం రాశావు ఇది? నిద్రపోయావా?" అన్నాను. మిషను ముందు కూర్చుని ఉంది, దారం ఎక్కిస్తోంది. "మీరు చెప్పిందే రాశాను," అంది. "నేను చెప్పలేదు." "చెప్పారు. నేను అడిగాను కూడా. అది పెరిగిందో పక్కది తగ్గిందో నాకేం తెలుసు, మీరు సమానం అన్నారు, నేను సమానం అని రాశాను." అది పెరిగిందో పక్కది తగ్గిందో. అంత సూటిగా చెప్పింది. జవాబు నా చెవిలో వేసింది. నేనేమన్నాను? చదువురాని మొహం, అన్నాను. నేను. ఊరిబడి పదో తరగతి. ఆమె ఎదురుగానే పెన్ను తీసి ఆ వరుస కొట్టేశాను. తప్పు పడితే చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టాలి, చెరపకూడదు, అదీ కట్టుబాటే. ఒక్క గీతే కొట్టాను. కాగితం చిరిగేట్టు కొట్టాను. ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఫోను. పోస్టు. ఇక్కడా మూసుకుపోయింది, ఇక లేదు. అంటే ఇవాళ నేను ఒక్కణ్ణే. నలుగురిలో ఇవాళ మేనత్త మొహం చూస్తున్నది నా ఒక్క కన్ను. ఆరున్నర రోజుల చిల్లరకోసారి దిగుతుందని మాస్టారి లెక్క, ఈసారి తప్పితే మళ్ళీ సాయంత్రం పూట దిగేది పదమూడు రోజులకు, అప్పటికి ఈ చుట్టాలంతా సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటారు. ఆ తర్వాత ఐదు నెలలు. ఐదు నెలలు ఆగే ఓపిక మాస్టారికి లేదు. ఆయన లెక్క నిలబడ్డది మూడు కాళ్ళ మీద, నర్సమ్మ రాత్రి, పోస్టు రాత్రి, మా ఆవిడ రాత్రి. రెండే అయితే నూరు లెక్కలు కుదురుతాయట. మూడోది పెడితే ఒక్కటే మిగిలిందట. పాత నోట్‌బుక్కులన్నీ ఫోటోలు తీసి పంపమంటే చూడకుండా పంపాను. మర్నాడు ఫోను చేశాడు.

"ఇక్కడొక వరుస కొట్టేశారేమిటండీ?"

"అది తప్పు. మా ఆవిడ తప్పు రాసింది."

"తప్పయితే ఇంత కచ్చితంగా ఎలా తప్పిందండీ ఆవిడ! నిమిషాలతో సహా!" అని నవ్వాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. "కాగితం చిరిగినట్టుంది, వెనక టేపు అంటించారు కాబట్టి అక్షరాలు నిలిచాయి. లేకపోతే మనకు దక్కేది కాదు."

నేను అంటించలేదు. ఫోను పెట్టేసి బీరువా తీసి నోట్‌బుక్కు చూశాను. చిరుగు రెండు అంచులూ కలిపి, వెనక సన్నని టేపు, ముడత లేకుండా, చివర్లు కత్తెరతో సమంగా కత్తిరించి. ఎప్పుడు అంటించిందో. మిషను ఆపాకనా, నేను దుకాణానికి వెళ్ళాకనా. నాకు చూపించలేదు. చూపిస్తే ఏమనేవాణ్ణో ఆమెకు తెలుసు.

ఏడూ ముప్పై నాలుగు. పెదనాన్న. మేనత్త. మూడు మెట్లు. మళ్ళీ చూశాను. కన్ను తీసి గాలి పీల్చి, పదివరకు లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను. మూడు. ఒక మెట్టు తేడా ఏమిటి, గాలి కదిలినా వస్తుంది, మెడ పట్టేసినా వస్తుంది. రెండు అని రాయవచ్చు. టార్చి వెలిగించి నోట్‌బుక్కు మీద వంగాను. రెండు అని రాశాను. చెయ్యి రాసింది. రాశాక ఎంత తేలిగ్గా ఉందో తెలిసింది. ఇలాగే తొమ్మిది దాకా రెండు, రెండు, రెండు అని రాసుకుంటూ పోవచ్చు. ఎవరూ చూడటం లేదు. వాళ్ళకు మబ్బు. మాస్టారు లెక్క చింపేస్తాడు, పోస్టు రెండు రోజులు ఏడుస్తాడు, నర్సమ్మ పోనీలెండి అంటుంది. మేనత్త మేనత్తలాగే ఉంటుంది. ఐదు నెలలకు ఎవరు చూస్తారు, ఎక్కడ చూస్తారు. ఆమె తప్పు రాసింది, నేను కొట్టేశాను, అంతే. పదిమందీ అనేది అదే కదా, ఆయన కోపిష్టి గానీ తప్పు మాట్లాడడు. దుకాణంలో అనేవాళ్ళు. మా బావమరిది అనేవాడు. ఆమె కూడా అనేది. ముందు అనేది. ఆ కొట్టివేత తర్వాత అనలేదు.

ఆ కొట్టివేత తర్వాత ఇంకొకటి మొదలుపెట్టింది. నేను అంకె చెప్పగానే "మళ్ళీ చెప్పండి" అనేది. నాలుగు, అంటాను. మళ్ళీ చెప్పండి. నాలుగు! అప్పుడు రాసేది. చుట్టరికాలు మానేసింది. మేనత్త అనడం మానేసి, ఆ ఫోను నంబరంత అంకె బట్టీ పట్టి, చివరి మూడంకెలు చెప్పేది. అల్లుడు ఇవాళ అలిగాడా అని అడగడం మానేసింది. నాలుగేళ్ళు. రాత్రికి ఇరవైసార్లు, ముప్పైసార్లు. మళ్ళీ చెప్పండి. చెవుడు వచ్చిందా అని అరిచాను ఒకసారి. రాలేదు, అంది. అంతే అంది. నాకు విసుగు. ఎంత విసుగంటే, ఆఖర్న ఆస్పత్రిలో గొట్టాల మధ్య పడుకుని ఉన్నప్పుడు, డాక్టరు ముందే తీసుకురావలసింది అని చెప్పి చేతులు కడుక్కుని పోయాక, నేను ఆమె చెవి దగ్గర వంగి ఇంటికెళ్ళి రాత్రికి వస్తాను అన్నాను. ఆమె పెదాలు కదిలాయి. మళ్ళీ చెప్పండి అంది. వినపడలేదో, అలవాటో. వస్తానన్నా కదా, అని విసుక్కుని బయటికొచ్చాను. మళ్ళీ చెప్పలేదు. ఆ డాక్టరును నేను క్షమించలేదు. పోస్టును క్షమించలేదు. జాబితా పెద్దదే. అందులో ఒక పేరు ఎప్పుడూ రాయలేదు, నిజానికి అన్నిటికంటే పైన రాయాల్సింది అదే.

టార్చి ఇంకా వెలుగుతోంది. రెండు అన్న అంకె తడిగా మెరుస్తోంది. పెన్ను తీశాను. ఒక్క గీత. మెల్లగా, కాగితానికి తగిలీ తగలనట్టు, కింద అంకె కనపడేట్టు. పక్కన మూడు అని రాశాను. "మళ్ళీ చెప్పండి," అన్నాను పైకి. గొంతు నాదే, నవ్వొచ్చేంత గరుగ్గా ఉంది. "మూడు," అన్నాను.

ఏడూ నలభై నాలుగు. నాలుగు మెట్లు. మళ్ళీ. నాలుగు. కన్ను అదురుతోంది, గొట్టానికి చెయ్యి ఆనితే చుక్కలన్నీ వణుకుతున్నాయి. చెయ్యి తీశాను. పడమట డాబాల మీద ఒక మబ్బు అంచు లేచింది, నల్లగా, కింద వీధి దీపాల పసుపు పూసుకుని. దానికీ మేనత్తకూ మధ్య జానెడు. అక్కడే ఉండు, అన్నాను. మబ్బుతో అన్నానా. కింద ఎవరింట్లోనో కుక్కరు ఈలవేసింది, ఎవరో నవ్వారు, లోకంలో ఎవరికీ ఏమీ తెలియదు, పైన ఏదో ఒక చీకటి గుండు ఇంకొకదాని ముందుకు వచ్చి వెలుగును మూస్తోంది, ఆరున్నర రోజులకోసారి మూస్తూనే ఉంది, ఆమె పుట్టకముందూ మూసింది, ఆ దుప్పటి రాత్రీ మూసింది, ఆమె పోయిన రాత్రి మూసిందో లేదో మాస్టారిని అడిగితే లెక్క కట్టి చెబుతాడు, అడగను. ఏడూ యాభై నాలుగు. ఆరు మెట్లు. మళ్ళీ. ఆరు. పిన్ని కంటే ఒక్క మెట్టు ఎక్కువ. ఏ వెలుగు చూసి మిగతావన్నీ కొలిచానో అదే పిన్ని పక్కన నిలబడి వెలవెలబోతోంది. పదకొండేళ్ళు దీన్ని చూశాను. చూడలేదు. దీనితో కొలిచాను, దీన్ని చూడలేదు.

ఎనిమిదీ నాలుగు. మేనత్త, పిన్ని. పిన్ని, మేనత్త. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. తేడా దొరకడం లేదు. ఏది ఏదో తెలియనంతగా ఉన్నాయి రెండూ, ఒకే తానులో కత్తిరించిన రెండు ముక్కల్లా. పెదనాన్న ఒక్కడే పైన తన మానాన తను వెలుగుతున్నాడు. అంటే తరిగింది మేనత్తే. గొట్టం జరపాల్సిన పని కూడా లేదు ఇవాళ, ముగ్గుర్నీ ఒకే గుండ్రంలో పెట్టుకున్నాను. ఏడేళ్ళు ఆలస్యంగా పెట్టుకున్నాను. రాయాలి. వంగాను. ఏం రాయాలో తెలుసు, ఒకే మాట ఉంది దానికి. సమానం. ఆమె రాసిన మాటే. ఆమె అక్షరాలు గుండ్రంగా, సున్నా చివర చిన్న తోకతో ఉండేవి. నావి కోడి కెలికినట్టు. సమానం అని రాశాను. మళ్ళీ చెప్పండి. సమానం. నేను చెప్పాను. ఆ రాత్రి కూడా నేనే చెప్పాను.

ఎనిమిదీ పద్నాలుగు. సమానం. మబ్బు అంచు పిన్నిని తాకింది. పిన్ని పోయింది. ఇప్పుడు మేనత్తకు పక్కన పట్టుకోవడానికి పెదనాన్న ఒక్కడే. ఏడు మెట్లు. ఒక్కదానితో పోల్చకూడదు. తెలుసు. ఆగాను. మెడ నరాలు లాగుతున్నాయి, మోకాళ్ళు గట్టిపడ్డాయి, పీట మీద కూర్చుంటే అందుతుంది, కానీ కూర్చోలేదు. అది రాసే మనిషి పీట. ఎనిమిదీ ఇరవై ఐదు, మబ్బులో చిరుగు పడింది, ముగ్గురూ బయటికొచ్చారు. మేనత్త పిన్నిని దాటింది. ఒక మెట్టు. మళ్ళీ చూశాను. ఒక మెట్టు. ఎక్కుతోంది. ఎనిమిదీ ముప్పై ఐదుకు రెండు మెట్లు. ఆ తర్వాత మబ్బు మొత్తం కప్పేసింది, గొట్టంలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు, అయినా కన్ను తీయలేదు చాలాసేపు.

మాస్టారు మొదటి రింగుకే ఎత్తాడు. ఊపిరి వినపడుతోంది.

"వాళ్ళిద్దరికీ లేదు. మీకు?"

"రాసుకోండి," అన్నాను. ఏడూ నాలుగు నుంచి ఒక్కొక్కటే చదివాను. "ఏడూ ముప్పై నాలుగు దగ్గర ఒక కొట్టివేత ఉంది. ముందు రెండు అని రాశాను. మూడు కనపడింది. కనపడ్డాకే రెండు అని రాశాను. అది పొరపాటు కాదు. అలాగే రాసుకోండి."

ఆయన ఎందుకు అని అడగలేదు. సొరుగు లాగిన చప్పుడు, కాగితం విప్పిన చప్పుడు. "మీ అంకెల ప్రకారం అట్టడుక్కు దిగింది ఎనిమిదీ తొమ్మిదికి," అన్నాడు మెల్లగా. "నేను రాసి పెట్టింది ఎనిమిదీ పదకొండు. ఏమండీ, దొరికిందండీ. దొరికింది." ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో. "ఇవాళే జాబితా వేసేవాళ్ళకు పంపుతాను. నలుగురి పేర్లూ వేస్తాను. మొట్టమొదట చూసింది ఏడేళ్ళ నాటి ఆ వరుస కదా, ఫారంలో ఆ గడిలో మీ పేరు రాస్తున్నాను. కన్ను మీదే కదా ఆ రాత్రి. రాసినవాళ్ళ పేరు వేయకూడదు, చూసినవాళ్ళదే వేయాలి, రూలు."

"కన్ను నాదే. నాకు కనపడలేదు," అన్నాను. "పక్కది తగ్గిందేమో అన్నది ఆమె. మర్నాడు పొద్దున్న, మిషను ముందు కూర్చుని అంది. నేను వినలేదు. ఆ గడిలో ఆమె పేరు వేయండి. వేయకపోతే నా అంకెలు వెనక్కి ఇచ్చేయండి."

"ఆ కొట్టేసిన గీత?"

"అది ఉంచండి. గీత నాది, రాత ఆమెది. రెండూ కనపడాలి."

"సరే," అన్నాడు. "సరేనండీ. ఆవిడ పూర్తి పేరు చెప్పండి."

చెప్పాను. మూడేళ్ళలో ఆ పేరు నోటితో అనలేదు. ఇంటిపేరుతో సహా చెప్పాను. అటువైపు ఏదో గరగర, కలం ఆగింది.

"సరిగ్గా వినపడలేదు," అన్నాడు మాస్టారు. "మళ్ళీ చెప్పండి."

పీట మీద కూర్చున్నాను. మళ్ళీ చెప్పాను.